తాహతుకు తగ్గ పన్ను అడిగే హక్కు మా ఊరికి ఇవ్వండి

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

విరుదునగర్ జిల్లా రాజపాళయం నుంచి రాస్తున్నాను. మీరు పుట్టిన మదురై నుంచి బస్సెక్కితే రెండు రెండున్నర గంటల్లో మా ఊరు వస్తుంది. మీ మెట్టినిల్లు నరసాపురం. అందుకే తమిళంలోనో ఇంగ్లీషులోనో కాకుండా, మా ఇళ్ళలో మాట్లాడుకునే తెలుగులోనే రాస్తున్నాను. విజయనగర రాజుల నాటినుంచీ ఇక్కడికి తరలివచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు మా ఊళ్ళో చాలా ఉన్నాయి. బజారుకు తమిళం, ఇంటికి తెలుగు.

నేను బ్యాండేజీ గుడ్డ తయారుచేసే చిన్న యూనిట్లకు లెక్కలు రాస్తాను. దేశంలో ఆసుపత్రులు వాడే గాజ్ గుడ్డ, బ్యాండేజీ చాలావరకు మా పక్కనున్న సత్రపట్టి చుట్టుపక్కల మరమగ్గాల మీదే నేస్తారు. ముందుగా మీకు కృతజ్ఞత చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి బ్యాండేజీ, గాజ్ గుడ్డ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. నూలుకు 5 శాతం, గుడ్డకు 5 శాతం ఉండి, అదే గుడ్డను శుభ్రం చేసి చుట్టచుట్టి గాయానికి కట్టేసరికి 12 శాతం కావడం ఎవరికీ సబబుగా తోచేది కాదు. అది సరిచేశారు. సబ్బు, టూత్‌పేస్టు, తలనూనె 18 నుంచి 5కు వచ్చాయి. సిమెంటు 28 నుంచి 18కి వచ్చింది. ఒక సిమెంటు కంపెనీ పుట్టిన మా ఊళ్ళో ఉంటూ ఇల్లు కట్టుకోలేకపోయిన వాళ్ళకు అదేమంత చిన్న సంగతి కాదు.

అయినా ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. ఏ వస్తువు మీద ఎంత శాతం అన్న చర్చే దేశమంతా నడుస్తోంది. ఎవరి తాహతు ఎంత, ఎవరు ఎంత కడుతున్నారు అన్న చర్చ రాష్ట్రాల స్థాయిలో అసలు జరగడం లేదు. జరగడానికి వీల్లేకుండా రాజ్యాంగంలోనే ఒక చిన్న అంకె అడ్డుపడి ఉంది. ఆ అంకె గురించే నా మనవి.

మగ్గాల దగ్గర పనిచేసే ఒకావిడ శనివారం కూలి తీసుకుని కిరాణా కొట్టుకు వెళ్ళి, తిరిగివస్తూ బిల్లు నా బల్ల మీద పెట్టి అడిగింది: ‘‘ఈ అడుగున రెండు వరుసలు ఏమిటయ్యా?’’ ఒకటి కేంద్రానికి పోయే సీజీఎస్టీ, రెండోది రాష్ట్రానికి పోయే ఎస్‌జీఎస్టీ. చెరో రెండున్నర శాతం. అయిదు కిలోల బియ్యం ప్యాకెట్టు మీద పడ్డ పన్ను అది. రేషన్ బియ్యం తమిళనాడులో ఉచితమే. కానీ నెలాఖరుకు అవి చాలక బయట కొనుక్కునే ఇళ్ళు మా దగ్గర బోలెడు. 2022 జూలై 18 నుంచి పేరు వేసి ముందే కట్టిన బియ్యానికి, 25 కిలోల దాకా సంచి అయితే 5 శాతం పన్ను. ఆ పైన ఉంటే లేదు. వెంటనే బజార్లోకి 26 కిలోల సంచులు వచ్చాయి. ఒక్కసారిగా 26 కిలోలకు డబ్బు తీయగలిగినవాళ్ళకు పన్ను తప్పింది. వారం కూలితో అయిదు కిలోల ప్యాకెట్టు కొనే ఆవిడకు తప్పలేదు. లూజు బియ్యం కొనుక్కోవచ్చు కదా అంటారు. నిజమే, దానికి పన్ను లేదు. కానీ ఆ రోజు ఆ కొట్టులో ఉన్నది ప్యాకెట్టే.

ఇది ఎవరో దురుద్దేశంతో చేసిన పని అని నేను అనడం లేదు. వస్తువు మీద వేసే ఏ పన్నుకైనా ఉన్న స్వభావం ఇది. కొన్నవాడి ముఖం దానికి కనిపించదు. మిల్లు యజమాని కొన్నా, మగ్గం కార్మికుడు కొన్నా సబ్బుబిళ్ళకు ఒకటే పన్ను. సంపాదించిందంతా ఖర్చయిపోయే ఇంట్లో రాబడి మొత్తం ఈ పన్ను కిందికి వస్తుంది. సగం దాచుకోగలిగిన ఇంట్లో సగమే వస్తుంది. అందుకనే దీనికి జోడుగా ఆదాయపు పన్ను ఉండాలి. అది మనిషిని చూసి, రాబడిని చూసి వేసే పన్ను. మన దేశంలో ఈ రెండూ రెండు వేర్వేరు చేతుల్లో పడ్డాయి. తూచి సర్దే అవకాశం రాష్ట్రానికి లేదు.

ఇలా ఎందుకు పడ్డాయో చెప్పాలంటే మద్రాసు చరిత్రలోకే వెళ్ళాలి. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ఆదాయపు పన్నును కేంద్రానికిచ్చి, వస్తువుల అమ్మకం మీద పన్నును రాష్ట్రాలకు వదిలింది. 1937లో మద్రాసు ప్రధాని (ఇవాళ్టి మాటలో ముఖ్యమంత్రి) అయిన రాజాజీ ముందు సేలం జిల్లాలో, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాల్లో మద్యనిషేధం పెట్టారు. సారా మీద వచ్చే రాబడి పోయింది. ఆ లోటు పూడ్చడానికి 1939లో మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చారు. అన్ని వస్తువులకూ వర్తించే అమ్మకపు పన్ను దేశంలో అదే మొదటిది. ఆ ఏడాదే పెట్రోలు మీద, వినోదాల మీద కూడా పన్నులు వచ్చాయి. వర్తకులు గట్టిగా ఎదిరించారు. బొడ్డు పైడన్న అండ్ సన్స్ అనే వేరుశెనగ నూనె సంస్థ, తాము తయారుచేసిన సరుకును తామే మొదటిసారి అమ్మితే దానిమీద వేసేది కేంద్రానికి చెందిన ఎక్సైజు సుంకమే తప్ప అమ్మకపు పన్ను కాదని వాదించింది. 1942లో ఫెడరల్ కోర్టు మద్రాసు ప్రభుత్వం పక్షాన తీర్పిచ్చింది. ఆ తెలుగు వర్తకుల పేరు ఇప్పటికీ పన్నుల న్యాయశాస్త్రంలో మొదటి పాఠాల్లో ఉంటుంది.

ఆ రోజుల్లో రాజాజీకి వేరే దారి లేదని నా అభిప్రాయం. తాగుడు మాన్పించి ఆ ఇళ్ళలో మిగిలిన డబ్బులో కొంత అమ్మకపు పన్నుగా తీసుకోవడం ఒక రకంగా న్యాయమే. ఆ ఇంటి ఆడవాళ్ళకు సారా కొట్టుకన్నా కిరాణా కొట్టులో డబ్బు ఖర్చుకావడమే మేలు. 1949లో మా ఊరి పి.ఎస్. కుమారస్వామి రాజా మద్రాసు పాలన చేపట్టేనాటికి మద్యనిషేధం రాష్ట్రమంతా అమల్లో ఉంది. ఎక్సైజు లేని ఖజానాను అమ్మకపు పన్ను ఆసరాతోనే ఆయన 1952 దాకా నడిపారు. తన ఇంటిని ఊరికి ఇచ్చేసిన మనిషి ఆయన. అది ఇవాళ గాంధీ కలై మన్రంగా ఉంది.

కానీ ఆ బేరంలో ఒక పక్క మాత్రమే మిగిలింది. 1971లో తమిళనాడులో మద్యనిషేధం ఎత్తేశారు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ ఎత్తేశారు. 1983లో ప్రభుత్వ మద్యం సంస్థ టాస్మాక్ పుట్టింది. సారా రాబడి పోయిందని తెచ్చిన అమ్మకపు పన్ను అలాగే ఉండిపోయింది, సారా రాబడీ తిరిగివచ్చింది. 2023-24లో మద్యం మీద తమిళనాడు ప్రభుత్వానికి వచ్చింది 45 వేల కోట్ల రూపాయలకు పైనే. మా ఊళ్ళో శనివారం సాయంత్రం కూలి డబ్బు టాస్మాక్ దుకాణం వైపు నడవడం నేను చూస్తూనే ఉంటాను. భర్త చేతికి డబ్బు వెళ్ళకముందే తన కూలి విడిగా ఇమ్మని ఆడవాళ్ళు లెక్కల బల్ల దగ్గర నిలబడతారు. ఈ దుకాణాలు మూసేస్తామని ఎన్నికల్లో చెప్పని పార్టీ అరుదు. మూయలేకపోతున్నారంటే మనసు లేక మాత్రమే కాదు. ఆ లోటు పూడ్చడానికి రాజాజీ చేతిలో అమ్మకపు పన్ను ఉండేది. ఇవాళ ఏ ముఖ్యమంత్రి చేతిలోనూ అలాంటిది లేదు. 2017 జూలై 1 తర్వాత అమ్మకపు పన్నులో రాష్ట్రానికి సొంతంగా మిగిలింది అయిదు పెట్రోలియం ఉత్పత్తులు, మద్యం. మిగతా వస్తువులన్నీ జీఎస్టీ మండలి పరిధిలోవి. అక్కడ మూడింట ఒక వంతు ఓటు బలం కేంద్రానిది, నిర్ణయానికి నాలుగింట మూడు వంతుల బలం కావాలి. ఒక్క రాష్ట్రం తనంతట తాను బియ్యం మీద పన్ను తీసేయలేదు. సంపన్నుల మీద వేసుకుని పేదల మీద తగ్గించనూలేదు. డబ్బు కావలసి వస్తే పెట్రోలు పంపునో, మద్యం దుకాణాన్నో ఆశ్రయించడమే.

పెట్రోలు సంగతి చూడండి. 2021 ఆగస్టులో అప్పటి మా రాష్ట్ర ఆర్థిక మంత్రి పళనివేల్ త్యాగరాజన్ లీటరుకు మూడు రూపాయలు తగ్గించారు. మంచి పనే. ఆ తగ్గింపు తర్వాత కూడా రాష్ట్రం పన్ను 13 శాతం, దాని మీద లీటరుకు మరో 11 రూపాయల 52 పైసలు. సత్రపట్టికి పాత మోపెడ్ మీద పనికి వెళ్ళేవాడికీ, కొడైకెనాల్‌కు పెద్ద కారులో వెళ్ళేవాడికీ అదే 11 రూపాయల 52 పైసలు.

ఆదాయపు పన్ను వైపు ఏం జరిగిందో మీకు నేను చెప్పనక్కర్లేదు, కానీ చదివేవాళ్ళ కోసం రెండు మాటలు. వసూలు కేంద్రమే చేసినా, ఆ డబ్బు ముఖ్యంగా రాష్ట్రాలదేనన్న భావం రాజ్యాంగం మొదటి అర్ధశతాబ్దంలో బలంగా ఉండేది. మొదటి ఆర్థిక సంఘం 55 శాతం పంచమంది. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన, తెలుగు నాటకకర్త కూడా అయిన పి.వి. రాజమన్నార్ నాలుగో సంఘానికి అధ్యక్షుడిగా దాన్ని 75కు తెచ్చారు. కాసు బ్రహ్మానందరెడ్డి ఆరో సంఘంలో 80 చేశారు. ఏడో సంఘం 85కు పెంచింది. మధ్యలో 1959లో కంపెనీల ఆదాయం మీది పన్నును కార్పొరేషన్ పన్నుగా మార్చి ఈ లెక్కలోంచి తప్పించారు. 2000లో వచ్చిన 80వ సవరణతో అన్ని పన్నులూ ఒకే రాశిలో కలిశాయి. వై.వి. రెడ్డి గారి 14వ సంఘం అందులో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది, తర్వాత అది 41 అయింది. సెస్సులూ సర్‌చార్జీలూ ఆ రాశిలోకి రావు. ఆదాయపు పన్ను మీద మీరు వేసే 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సులో తమిళనాడుకు హక్కుగా వచ్చే వాటా సున్నా. 15వ సంఘం కాలంలో పంచే రాశిలోనే మా వాటా 4.079 శాతం. 2011 జనాభా లెక్కల్లో దేశంలో మేము ఆరు శాతానికి దగ్గర.

వాటాల తగువు పెద్దది. దాన్ని ఆర్థిక సంఘాలకూ ముఖ్యమంత్రులకూ వదిలేస్తాను. ఎంత వాటా ఇచ్చినా అది ఢిల్లీలో నిర్ణయమై వచ్చే డబ్బే. తన ప్రజల్లో ఎవరు ఎక్కువ కట్టాలి, ఎవరు తక్కువ కట్టాలి అని రాష్ట్రం నిర్ణయించుకోవడానికి అది పనికిరాదు. అందుకు పనికివచ్చే సాధనం రాజ్యాంగంలో ఒకటుంది. వృత్తి పన్ను.

276వ అధికరణ చదివిన కొద్దీ నాకు ఆశ్చర్యమేస్తుంది. వృత్తులు, వ్యాపారాలు, ఉద్యోగాల మీద రాష్ట్రాలూ స్థానిక సంస్థలూ వేసే పన్ను ఆదాయం మీది పన్నులా ఉందన్న కారణంతో చెల్లకుండా పోదని మొదటి ఖండంలోనే రాశారు. అంటే తలుపు తెరిచే ఉంచారు. రెండో ఖండంలో మాత్రం ఒక మనిషి దగ్గర ఏడాదికి ఇంతకు మించి తీసుకోరాదని పరిమితి పెట్టారు. బ్రిటిషు వాళ్ళ కాలం చివర్లో ఆ పరిమితి 50 రూపాయలు. 1950లో 250. 1988లో 60వ సవరణతో 2,500. అక్కడే ఆగిపోయింది.

1988లో ఆదాయపు పన్ను మినహాయింపు పరిమితి ఏడాదికి 18 వేల రూపాయలు. 2025 బడ్జెట్లో మీరు రిబేటుతో కలిపి 12 లక్షల దాకా పన్ను లేకుండా చేశారు. 1988 నుంచి ఇప్పటిదాకా ధరలు పదింతలకు పైగా పెరిగాయి. వృత్తి పన్ను పరిమితి మాత్రం ఒక్క రూపాయి కదల్లేదు.

దాని ఫలితం ఎలా ఉందో మా ఊళ్ళో చూపిస్తాను. తమిళనాడులో వృత్తి పన్నును పురపాలక సంఘాలు, పంచాయతీలు ఆర్నెల్లకోసారి వసూలు చేస్తాయి. ఆర్నెల్ల రాబడి 21 వేలు దాటితే మొదలవుతుంది. 75 వేలు దాటితే అన్నిటికన్నా పై శ్లాబు. ఆర్నెల్లకు 75 వేలంటే నెలకు పన్నెండున్నర వేలు! మరమగ్గం మీద రెండు షిఫ్టులు చేసే మనిషి ఆ శ్లాబులో పడతాడు. మిల్లు డైరెక్టరూ ఆ శ్లాబులోనే ఉంటాడు. ఊరిని బట్టి అంకె కాస్త మారుతుంది. పరిమితి దాకా వసూలు చేసే చోట ఇద్దరూ ఆర్నెల్లకు 1,250 రూపాయలు కడతారు. నెలకు 13 వేలు తెచ్చుకునేవాడికి ఏడాది రాబడి లక్షా 56 వేలు. అతను కట్టే 2,500 వందకు రూపాయి అరవై పైసలు. ఏడాదికి 30 లక్షలు వచ్చేవాడికి అదే 2,500 వందకు ఎనిమిది పైసలు. జీతాల పట్టీలో ఈ కోతను నా చేత్తోనే రాస్తాను కాబట్టి చెబుతున్నాను, వివరం అడిగిన కార్మికుడికి ఒప్పించేలా చెప్పడానికి నా దగ్గర మాట లేదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ ఇదే కథ, కాకపోతే అక్కడ నెలనెలా రాష్ట్ర ప్రభుత్వమే వసూలు చేస్తుంది. నెలకు 15 వేలు దాటితే 150, 20 వేలు దాటితే 200. అక్కడితో సరి. హైదరాబాదులో దుకాణంలో 21 వేలకు పనిచేసే అమ్మాయీ, గచ్చిబౌలిలో నెలకు నాలుగు లక్షలు తీసుకునే ఇంజినీరూ కట్టేది అదే 200. ఆ ఇంజినీరు పిసినారి కాడు, అడిగితే ఇంకొంచెం ఇస్తాడు. అడగడానికి రాజ్యాంగం ఒప్పుకోదు.

ఇది కనిపెట్టింది నేను కాదు. వై.వి. రెడ్డి గారి 14వ ఆర్థిక సంఘం ఈ పరిమితిని ఏడాదికి 12 వేలకు పెంచమంది. 15వ సంఘం 18 వేలకు పెంచమంది. ఎవరూ పెంచలేదు. ఉద్యోగుల నుంచి వ్యతిరేకత వస్తుందన్న బెరుకు ఉండవచ్చు. రాష్ట్రాలు కూడా పట్టుబట్టి అడగలేదు. ఢిల్లీని ఎక్కువ వాటా అడగడంలో రాజకీయ లాభం ఉంది, సొంత ఊరి సంపన్నులను ఎక్కువ కట్టమనడంలో లేదు.

నా మనవి ఆ సంఘాలు చెప్పినదానికన్నా ఒక అడుగు ముందుకు. 18 వేలు అని మళ్ళీ ఒక అంకె రాజ్యాంగంలో రాస్తే, ముప్పై ఏళ్ళకు అదీ ఎండిపోతుంది. రూపాయల్లో కాకుండా శాతంలో రాయండి. ఆదాయపు పన్ను పడని స్థాయి దాకా, అంటే ఇవాళ్టి లెక్కన 12 లక్షల దాకా వృత్తి పన్నే ఉండకూడదు. ఆ పైన వచ్చే రాబడి మీద ఒక శాతానికి మించకుండా రాష్ట్రం వేసుకోవచ్చని చెప్పండి. ఏడాదికి 30 లక్షలు వచ్చేవాడికి 12 లక్షలు పోను 18 లక్షల మీద ఒక శాతం, అంటే 18 వేలు. 15వ సంఘం చెప్పిన పరిమితి అదే. అరకోటి వచ్చేవాడు 38 వేలు కడతాడు. మగ్గం కార్మికుడు, గుమాస్తా, నర్సు, ప్రైవేటు బడి పంతులమ్మ ఏమీ కట్టరు.

‘‘ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు దేశంలో ఉన్నదే కొందరు, మళ్ళీ వాళ్ళ మీదే వేస్తారా?’’ అని మధ్యతరగతి అడుగుతుంది. న్యాయమైన ప్రశ్న. జీతగాళ్ళకు మూలంలోనే కోస్తారు, వ్యాపారులు తప్పించుకుంటారు అన్న బాధ నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను రెండు రకాల లెక్కలూ రాస్తాను. ఇవాళ వ్యాపారుల వృత్తి పన్ను లెక్క అంతా మునిసిపల్ ఉద్యోగి అంచనా మీదే నడుస్తుంది. దుకాణదారు చెప్పిందే రాబడి. ఆదాయపు పన్ను శాఖ దగ్గర పాన్ వారీగా రాబడి ఉంది. 12 లక్షల పైన వచ్చే రాబడి మీది ఈ పన్నును రిటర్నుతో పాటే కట్టించి, మనిషి ఏ పురపాలక సంఘం పరిధిలో పనిచేస్తాడో ఆ సంఘానికి జమ చేస్తే కొత్త ఇన్‌స్పెక్టరూ అక్కర్లేదు, కొత్త ఫారమూ అక్కర్లేదు. జీతగాడెంత కడతాడో అంతే రాబడి ఉన్న వ్యాపారీ అంతే కడతాడు. ఇవాళ ఆదాయపు పన్ను కొత్త విధానంలో జీతగాళ్ళకు వృత్తి పన్ను మినహాయింపు లేదు. కట్టిన పన్ను మీద మళ్ళీ పన్ను పడుతోంది. ఆ మినహాయింపును తిరిగి ఇవ్వండి, మధ్యతరగతి అభ్యంతరం చాలావరకు చల్లబడుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. రాష్ట్రాలు ఈ డబ్బూ తీసుకుని, పెట్రోలూ మద్యమూ యథాతథంగా ఉంచితే? అలా జరిగే ప్రమాదం నిజంగా ఉంది. అందుకే సవరణలోనే ఒక నిబంధన పెట్టమంటాను. శాతం పద్ధతికి మారే రాష్ట్రం, కొత్తగా వచ్చే డబ్బులో సగం స్థానిక సంస్థలకు వదిలి, మిగతా సగానికి సమానంగా లీటరుకు ఇంత అని పెట్టిన పెట్రోలు, డీజిలు పన్నును తగ్గించాలి. తమిళనాడులో ఆ 11 రూపాయల 52 పైసలు మెల్లగా కరగడం మొదలవ్వాలి. బియ్యం ప్యాకెట్టు మీది 5 శాతం తీసేయాలంటే జీఎస్టీ మండలిలో రాష్ట్రాల మద్దతు కావాలి. తనకు వేరే రాబడి కనిపించిన రాష్ట్రం ఆ మద్దతు ఇవ్వడానికి ఇప్పటిలా జంకదు.

ఎదురుదారిలో వెళ్ళినవాళ్ళకు ఏమైందో చూడండి. అమెరికాలో రాష్ట్రాలు ఈ రెండు పన్నులనూ తామే సర్దుకుంటాయి. కాన్సస్‌లో 2012లో గవర్నర్ బ్రౌన్‌బ్యాక్ ఆదాయపు పన్ను బాగా కోసి, చాలా వ్యాపారాల లాభాలకు పూర్తిగా మినహాయింపు ఇచ్చారు. వ్యాపారాలు పెరిగి లోటు తీరుతుందన్నారు. తీరలేదు. 2015లో అమ్మకపు పన్నును 6.15 నుంచి 6.5 శాతానికి పెంచారు. అక్కడ కూరగాయలకూ పాలకూ కూడా అదే రేటు పడేది. చివరికి 2017లో ఆయన సొంత పార్టీ వాళ్ళు కూడా చేయి కలిపి, ఆయన వీటోను తోసిపుచ్చి, ఆదాయపు పన్ను కోతలను రద్దు చేశారు. తిండి సరుకుల మీద రాష్ట్రం పన్ను పూర్తిగా పోయింది 2025 జనవరి 1న. కాన్సస్‌లోని ఓవర్‌లాండ్ పార్క్‌లో, ఒలేతాలో ఉద్యోగాలు చేసే మన తెలుగు పిల్లలు ఆ ఏళ్ళన్నీ ఆ పన్ను కట్టారు. టెక్సస్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్నే లేదు. మనవాళ్ళు డాలస్ చుట్టూ స్థిరపడటానికి అదీ ఒక ఆకర్షణ. కానీ అక్కడ అమ్మకపు పన్ను ఎనిమిదింబావు శాతం దాకా వెళ్తుంది, ఇంటి పన్ను భారీగా ఉంటుంది. తక్కువ రాబడి ఉన్నవాళ్ళు తమ రాబడిలో ఎక్కువ వంతు పన్నుగా కట్టే రాష్ట్రాల్లో అదొకటి. పెద్ద జీతం వచ్చేవాడికి అది స్వర్గం. అతని ఇల్లు తుడిచే మనిషికి కాదు.

వ్యవసాయ ఆదాయం మాటేమిటని కొందరు అడుగుతారు. దాని మీద పన్ను వేసే హక్కు రాజ్యాంగం రాష్ట్రాలకే ఇచ్చింది. మా చుట్టూ వానను నమ్ముకున్న మెట్ట రైతులే ఎక్కువ. వాళ్ళ జోలికి వెళ్ళడాన్ని నేను ఒప్పుకోను. పెద్ద ఎస్టేట్ల సంగతి వేరు, అది శాసనసభ తేల్చుకోవలసింది.

తమిళనాడు ప్రభుత్వానికీ ఇదే ఉత్తరం ప్రతి పంపుతున్నాను. రాజ్యాంగ సవరణ కోసం ఎదురుచూడకుండా చేయగలిగింది ఒకటుంది. 21 వేల దగ్గర మొదలై 75 వేల దగ్గర ఆగిపోయే ఆ ఆర్నెల్ల శ్లాబులు రాష్ట్రం చేతిలోవే. వాటిని పైకి జరిపి, నెలకు పాతికవేలు కూడా రానివాళ్ళను ఈ పన్నులోంచి తప్పించవచ్చు. పురపాలక సంఘానికి తగ్గే ఆ కాస్త డబ్బును రాష్ట్రం భర్తీ చేయవచ్చు. మా ఊళ్ళో మురుగు కాలవలకూ, మంచినీళ్ళకూ డబ్బు ఎంత అవసరమో నాకు తెలుసు. అది మగ్గం కార్మికుడి కూలిలోంచి రావడమే న్యాయం కాదంటున్నాను.

అమ్మా, 276వ అధికరణ సవరణకు పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీ చాలు, సగం రాష్ట్రాల శాసనసభలు తీర్మానం చేయాల్సిన జాబితాలో అది లేదు. 1988లో అలాగే చేశారు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టాన్ని పక్కనపెట్టి 2025లో కొత్త చట్టం తెచ్చినవారు మీరు. జీఎస్టీ శ్లాబులను ప్రధానంగా 5, 18కి కుదించినవారూ మీరే. ఈ రెంటికీ నడుమ రాష్ట్రాలకు మిగిలిన ఒక్క తలుపు మీద 2,500 అనే తాళం 1988 నుంచి వేలాడుతోంది. వచ్చే పార్లమెంటు సమావేశాల్లోనే సవరణ బిల్లు పెట్టండి. అంతకుముందు ముసాయిదా ప్రజల ముందుంచి అభిప్రాయాలు అడగండి. అడిగితే, మా ఊళ్ళో ఏ పనివాళ్ళు ఏ శ్లాబులో పడతారో, ఇప్పుడు ఎంత కడుతున్నారో, మార్చాక ఎంత కడతారో పేర్లు లేకుండా పట్టిక వేసి పంపుతాను.

ఇట్లు,
రాజపాళయం నుంచి ఒక లెక్కల గుమాస్తా